ఏడో చుక్క

గోనెసంచి మూతి కుట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు రెండు చెవులూ ముడేసుకోవాలి. దబ్బనం ఎడమ నుంచి కుడికి పన్నెండు పోట్లు పోవాలి. ఆఖరి పోటు దగ్గర పురికొస తెంపకుండా మెలేసి బిగలాగాలి. ఆమదాలవలసలో ఏ ధాన్యం కొట్టుకి వెళ్లినా, ఆ పన్నెండు పోట్లు చూసి ఇది గంగులు కుట్టిన బస్తా అని చెప్పేసే హమాలీలు ఉన్నారు. అలాంటి గంగులు ఆ బుధవారం పొద్దున్న పదమూడో పోటు వేశాడు. వేసి, దబ్బనాన్ని తన బొటనవేలిలోకే దించుకున్నాడు.

కొట్టు గుమ్మంలో నరసింగరావు నిలబడి ఉండటమే దానికి కారణం.

నరసింగరావు జగన్నాధం హాలు మేనేజరు. హాలు కట్టించిన జగన్నాధం గారు పోయి ఎన్నేళ్లో అయింది, అయినా ఊరు దాన్ని ఇంకా ఆయన పేరుతోనే పిలుస్తుంది. నరసింగరావు చంకలో చుట్టిన వాల్‌పోస్టరు ఉంది, మొహంలో అవసరం ఉంది.

"ఒరే గంగులూ, వచ్చేసిందిరా మన సినిమా! కొత్త 'నూతిలో దీపం'. శుక్రవారం రిలీజు."

ఆ సంగతి గంగులుకి ఒకరు చెప్పాలా? ఆ బొమ్మ మళ్లీ తీస్తున్నారని పేపర్లో పడ్డ దగ్గర్నుంచి, నాలుగు నెలలుగా, పాన్‌షాపులో సినిమా పేజీ అడిగి తీసుకుని మరీ చదువుతున్నాడు. పాతది అతనికి కంఠోపాఠం. దివాణంలో పసిపిల్లకి పాలిచ్చిన దాది నీలవేణి. చేయని నేరం మోపి, చేతిలో దీపంతో సహా ఆమెని నూతిలోకి తోసేస్తారు. ఆ తర్వాత రాత్రుళ్లు నూతి అడుగున దీపం వెలుగుతుంది. విశ్రాంతికి ముందు, పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, దివాణంలో ఒక్కరూ లేవరు. అక్కడ వాయిద్యం ఉండదు. నీటిచుక్కలు పడే చప్పుడు ఒక్కటే. టప్... టప్... ఏడు చుక్కలు. ఏడో చుక్కకి తడిచెయ్యి ఒకటి ఉయ్యాల మీదికి వస్తుంది. పిల్ల గొంతు నులిమేస్తుందని హాలంతా బిగుసుకుపోతుంది. ఆ చెయ్యి పిల్లని జోకొడుతుంది. "ఆకలేసిందా అమ్మా?" అంటుంది.

ఎనభై నాలుగులో, మొదటి రోజు, ఆ మాట చెవిన పడగానే గంగులు నిజంగానే పడిపోయాడు. అప్పటికి అతని తల్లి పోయి మూడు నెలలు. నేల టిక్కెట్టు నుంచి నలుగురు మోసుకొచ్చి నీళ్లు కొడితే గాని లేవలేదు. సాయంత్రానికి ఊరంతా ఆ కబురే, మర్నాటికి హాలు కిటకిట. నరసింగరావు అప్పటికి కొత్తగా వచ్చిన కుర్ర మేనేజరు. "రోజూ పడతావేట్రా?" అని అడిగాడు. రోజూ ఊరికే సినిమా చూడొచ్చు కదా అని గంగులు తలూపాడు. నలభై రోజులు మ్యాట్నీకి, ఏడో చుక్కకి, తప్పకుండా పడ్డాడు.

"మరేటంటావు?" నరసింగరావు బస్తా మీద కూలబడ్డాడు. "మార్నింగ్ షోకి వచ్చి అదే సీనుకి పడాల. కుర్రాళ్లు ఫోన్లో తీస్తారు. సాయంత్రానికి జిల్లా అంతా వాట్సాప్‌లో తిరుగుతాది. నర్సు దేవమణమ్మ కూడా వస్తానంది, అప్పట్లాగే బి.పి. మిషను పట్టుకుని."

"వద్దు బాబూ. ఒయసైపోనాది. నడుం పట్టేస్తాది."

"పడవా? అయితే మీ ఆవిడికి సెప్పేయనా, ఆ నలభై రోజులూ ఉత్తుత్తిదే అని?" అని నరసింగరావు పకపకా నవ్వాడు.

వేళాకోళానికే అన్నాడు. గంగులుకి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే, ఆ నలభై రోజుల్లో ఏదో ఒక రోజున, అడ్డగోడకి అవతల ఆడవాళ్ల వైపు నుంచి పద్మకుమారి అతను పడటం చూసింది. చేసుకుంటే ఆ పడిన మనిషినే చేసుకుంటానని తండ్రి దగ్గర పట్టుబట్టింది. "అంత మెత్తటి మనసున్నోడు మా గుంటకి ఎక్కడ దొరుకుతాడు బాబూ" అని మావగారే పెళ్లిలో నలుగురి ముందూ చెప్పాడు. ఆ మాట మీదే వాళ్ల కాపరం నిలబడిందని గంగులు నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా అతను ఏదో పనుందని లేచిపోతాడు.

"వస్తాను లెండి" అన్నాడు. దబ్బనం ఇంకా వేలికి వేలాడుతూనే ఉంది.

*

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి పద్మకుమారి వాకిట్లో బియ్యం చెరుగుతోంది. భర్త వేలికి చుట్టిన గుడ్డ చూడగానే చాట కింద పడేసి లేచింది.

"ఓలమ్మో, ఏటయింది మావా? నెత్తురేటి? సూడకు, సూడకు, అటు తిరుగు!"

గంగులు బుద్ధిగా అటు తిరిగాడు. ఆమె ఒక చేత్తో అతని కళ్లు మూసి, రెండో చేత్తో గుడ్డ విప్పి, పసుపు అద్ది, మళ్లీ కట్టి, అంతా అయ్యాక చెయ్యి తీసింది. ఇది ఇంట్లో మామూలే. ఆదివారం కోడిని కొయ్యాలంటే పక్కింటివాళ్లని కేకేస్తుంది, ఇతన్ని ఉల్లిపాయలకని బజారుకి తోలేస్తుంది. చావు పలకరింపులకి తనొక్కతే వెళ్లొస్తుంది. "మావ సూడలేడు, పడిపోతాడు" అని అందరికీ ఒకటే పాట. అసలు రక్తం చూస్తే తనకేమవుతుందో గంగులుకే తెలీదు. ఆవిడ చూడనిస్తేగా!

ఆ రోజంతా సినిమా మాట ఎత్తలేదు. ఎత్తకుండా శుక్రవారం పొద్దున్న ఏదో వంక చెప్పి వెళ్లి, పడి, లేచి వచ్చేద్దామనుకున్నాడు. గురువారం పదిగంటలకి ఆ ఆశా పోయింది. వీధిలోకి మైకు ఆటో వచ్చి గొంతు చించుకుంది.

"ముప్పై రెండేళ్ల కిందట ఇదే హాల్లో స్పృహ తప్పిన వీరాభిమాని గంగులు గారు, రేపు మొదటి ఆటకి మీతో పాటు! తట్టుకుంటారా? పడిపోతారా? మీ కళ్లతో మీరే చూడండి! బి.పి. చూడటానికి నర్సు గలదు!"

మహానుభావుడు నరసింగరావు ఆటోని సరిగ్గా ఇంటి ముందే ఆపించాడు. పద్మకుమారి నీళ్ల బిందె నడుమ్మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆటో మలుపు తిరిగాక బిందె దించింది.

"నువ్వెల్తన్నావేటి మావా?"

"ఎల్లకపోతే ఎలగే? ముప్పై రెండేళ్లు ఎదురుసూసినాను."

"అయితే నానూ వస్తాను."

"నువ్వెందుకే? ఎండ..."

"ఎందుకేటి? నువ్వు పడితే ఎవులు పట్టుకుంటారు? అప్పుడంటే నేల. ఇప్పుడు కుర్సీలు. తల తగిల్తే ఏటవుతాది?"

ఇంక ఆమెని ఆపడం ఎవరి తరమూ కాదు. గంగులు పీట మీద కూలబడ్డాడు. పడ్డాడా, ఆమె ఎదురుగా, ఆమె భుజం మీదే దొంగపాటు పడాలి. పడలేదా, అప్పుడు పడ్డవాడివి ఇప్పుడెందుకు పడలేదని ఆమె అడుగుతుంది. ఎటు చూసినా గొయ్యే. అరచేతుల్లో చెమట, లుంగీకి తుడుచుకున్నకొద్దీ పడుతోంది.

అప్పుడు తట్టింది అతనికి ఒక దారి. సినిమా బాగుంటే చాలు! ఆ చుక్కలు, ఆ చెయ్యి, ఆ మాట ఉన్నది ఉన్నట్టు తీసి ఉంటే, తను వేషం వెయ్యాల్సిన పనేలేదు. మొదటి రోజు పడ్డట్టే తనకి తెలీకుండానే పడిపోతాడు. నిజంగా పడితే పాత అబద్ధం కూడా ఆ నిజంలో కలిసిపోతుంది. దేవుడి పటం ముందు నిలబడి గంగులు తన జీవితంలో మొదటిసారి ఒక సినిమా బాగుండాలని దణ్ణం పెట్టుకున్నాడు.

*

జగన్నాధం హాలు వసారాలో దేవమణి మడతబల్ల వేసుకుని కూర్చుని ఉంది. మిషనరీ ఆసుపత్రిలో ముప్పయ్యారేళ్లు చేసి రిటైరైన మనిషి. ఆ తెల్లచీర గంజి తళతళలు చూస్తే నిన్ననే డ్యూటీ దిగినట్టుంది. బల్ల మీద పాదరసం బి.పి. మిషను, పక్కన స్టెతస్కోపు. ఇద్దరు కుర్రాళ్లు చేతికి పట్టీ చుట్టించుకుని ఫోనులో ఫొటో దిగుతున్నారు.

"వచ్చేవేటి తమ్ముడూ?" అందామె గంగులుని చూసి. "ఆదివారం గుళ్లో పాస్టరు గారు నన్ను కడిగేస్తారు. అయినా ఆ నూతి సీను అంటే నాకూ ఇష్టవే. అందుకే వచ్చేను." పద్మకుమారి కూడా ఉందని చూసి, గొంతు సవరించుకుని, కుర్రాడి చేతి పట్టీ విప్పడంలో పడింది.

నరసింగరావు గంగులుని తలుపు దగ్గర పక్కకి లాగాడు. "టార్చి రెండుసార్లు కొడతాను. అప్పుడు పడు."

"టార్చెందుకు బాబూ? చుక్కలున్నాయి కదా."

నరసింగరావు అతని మొహం కేసి ఒకలా చూసి, "సర్లే, లోపలికెల్లు" అన్నాడు.

కూర్చున్న పది నిమిషాలకే గంగులు గుండె జారడం మొదలైంది. నూతి చుట్టూ ఇరవై మంది అమ్మాయిలు పాట పాడుతూ ఎగురుతున్నారు. నూతిగట్టుకి ఎర్రలైట్లు, ఆకుపచ్చ లైట్లు.

"ఆ నుయ్యేటి మావా, పెళ్లి పందిరిలాగున్నాది?" అని పద్మకుమారి చెవిలో గొణిగింది.

నీలవేణికి ఇంతింత గోళ్లు పెట్టారు. పాతబొమ్మలో ఆమె కిందికి చూస్తూ నడిచేది, ఎవరి మీదా గొంతెత్తేది కాదు. ఈవిడ గాల్లో పల్టీలు కొడుతూ ఇంగ్లీషులో తిడుతోంది. దివాణం ఉండాల్సిన చోట రిసార్టు. మనుషులు దెయ్యాన్ని చూసి పరుగెత్తడం, గుద్దుకోవడం, ఒకరి మీద ఒకరు పడటం. హాలంతా ఒకటే నవ్వు. గంగులుకి అర్థంకాలేదు. దెయ్యం సినిమాకి నవ్వుతారేమిటి? నీలవేణిని నూతిలోకి తోసేసిన సీనుకి కూడా నవ్వారు. తోసినవాడు తూలి తనూ పడబోయి పంచె ఊడిందని నవ్వారు. ఆ పక్కన మనిషి మునిగిపోతుంటే పంచె కేసి చూస్తారా ఎవరైనా?

పోనీ, పోనీ, అనుకున్నాడు. ఉయ్యాల సీను ఉందిగా. దాన్ని ఎవరు పాడు చెయ్యగలరు?

ఉయ్యాల వచ్చింది. పిల్ల ఏడుపు మొదలైంది. గంగులు వెన్ను నిటారైంది. కుడిచెయ్యి దానంతటదే పక్కకి పోయింది. పద్మకుమారి కాళ్ల దగ్గర పెట్టుకున్న నీళ్ల సీసా తీసి సీటు కిందికి తోశాడు. ఒళ్లో ఉన్న ఆమె కళ్లజోడు తీసి ఆమె సంచిలో వేశాడు. చూపు తెర మీదే ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పద్మకుమారి ఒకసారి అతని చేతుల కేసి చూసి, మళ్లీ తెర కేసి తిరిగింది.

టప్.

ఒకటి. హాలు సద్దుమణిగింది. టప్. రెండు. గంగులు సీట్లో ముందుకి జరిగాడు. అదే చప్పుడు, అచ్చం అదే! మూడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా తల్లే, వస్తున్నావా, అనుకున్నాడు. నాలుగు.

ఐదో చుక్క పడాల్సిన చోట డప్పు మోగింది. ఉయ్యాల గుడ్డ తొలిగింది. లోపల బొద్దుమీసాల హాస్యగాడు, నోట్లో పాలపీక. తడిచెయ్యి వచ్చి అతని బానపొట్ట మీద జోకొట్టింది.

"ఆకలేసిందా అమ్మా?"

"బిరియానీ సెప్పవే, డబల్ మసాలా!" అన్నాడతను.

హాలు పగిలిపోయింది. ఈలలు, చప్పట్లు, కాళ్లతో నేల దరువులు. వెనకనెవరో నవ్వలేక దగ్గుతున్నాడు.

తలుపు దగ్గర టార్చి రెండుసార్లు వెలిగింది. గంగులు చూశాడు. పడాలి. మెడ వెనక్కి వాల్చి, ఎడమ భుజం వదిలేస్తే చాలు, నలభైసార్లు చేసిన పనే. ఒళ్లు రాలేదు. ఆ మాటనా? అమ్మ పోయిన మూడు నెలలకి తను విన్న ఆ మాటనా ఇలా పొట్ట చేతబట్టుకుని నవ్వుతున్నారు? కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, సిగ్గు కూడా వేసింది, ఈ సినిమా కోసం నాలుగు నెలలు పాన్‌షాపు చుట్టూ తిరిగినందుకు.

టార్చి మళ్లీ రెండుసార్లు వెలిగింది. ఈసారి తిన్నగా అతని మొహమ్మీదే.

"తాతా, పడవేటి?" అని వెనక వరసలోంచి ఒకడు అరిచాడు.

"పడతాడన్నారు కదరా!"

"పడు! పడు! పడు!"

చప్పట్లు ఒక లయలో పడ్డాయి. పది ఫోన్లు వెలిగాయి. గంగులు సీటు చేతులు గట్టిగా పట్టుకుని, తెల్లబోయి, ఆ లైట్ల మధ్య కూర్చున్నాడు. ముచ్చెమటలు పోస్తున్నాయి. పద్మకుమారి ఇప్పుడు అడుగుతుంది. ఇప్పుడే అడుగుతుంది.

పద్మకుమారి లేచి నిలబడింది. వెనక్కి తిరిగి కొంగు నడుముకి దోపింది.

"ఏట్రా గుంటల్లారా! మనిషి పడితే సూసి నవ్వడానికి వచ్చినారేటి? మీ ఇల్లల్లో పెద్దోళ్లు లేరేటి? పడడు! మీ సినిమాకి పడడు, పొండి!"

అని భర్త చెయ్యి పట్టుకుని, కాళ్లు తొక్కుకుంటూ, విశ్రాంతి గంట కొట్టకముందే బయటికి లాక్కొచ్చేసింది. నీళ్ల సీసా సీటు కిందే ఉండిపోయింది.

*

"పరువు తీసేవు కదరా" అని నరసింగరావు వెంటపడ్డాడు. దేవమణి చెయ్యి అడ్డుపెట్టింది.

"ఆగండి మేనేజరు గారూ, మనిషి రంగు చూళ్లేదేటి? ఇటు కూర్చో గంగులూ."

చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డ పిసకడం మొదలెట్టింది. పాదరసం గబగబా ఎక్కింది. ఆమె స్టెతస్కోపు మోచేతి మడతలో ఆనించి, గాలి మెల్లగా వదులుతూ, కనుబొమలు ముడేసింది. మళ్లీ ఎక్కించి మళ్లీ చూసింది.

"నూట డెబ్బై, నూరు! ఒరే తమ్ముడూ, అప్పుడు పడిన నలభై రోజుల్లో ఒక్కనాడు నీది నూట ఇరవై దాటలేదు. నూట తొంభై అని బోర్డు మీద సుద్దతో నేనే రాసేదాన్ని. పడని రోజున ఇంతెక్కిందేటి..."

అంటూనే నాలిక్కరుచుకుంది. "ప్రభువా" అంది లోపల్లోపల.

గంగులు తల ఎత్తలేదు. పట్టీ ఇంకా చేతికి బిగుసుకునే ఉంది, దాని కింద నరం టకటకా కొట్టుకుంటోంది. ముప్పై ఒక్క ఏళ్లు దాచినది సుద్దబోర్డు మాటంత తేలిగ్గా బయటపడిపోయింది. పద్మకుమారి కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి అతనికి. ఆ కాళ్లు కదల్లేదు.

"మాత్ర ఏదైనా ఉన్నాదేటి నర్సమ్మా?" అంది పద్మకుమారి. గొంతులో కోపమూ లేదు, ఆశ్చర్యమూ లేదు.

"సాయంత్రం మా ఇంటికి పంపించు, డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. ఇప్పుడు ఇంటికెళ్లి పడుకోనీ."

రైల్వే గేటు దాటి ఇంటిదాకా నడిచారు. ఆమె నాలుగడుగులు ముందు, అతను వెనక. ఇంటికెళ్లాక అన్నం పెట్టింది. పులుసు వడ్డించింది. మజ్జిగ పోసింది. సాయంత్రం డాక్టరు మాత్రలు రాసిస్తే నీళ్లతో సహా అందించింది. తిట్టి ఉంటే బతికిపోయేవాడు. అరిచి, పుట్టింటికి పోతానని ఉంటే, కాళ్లు పట్టుకునేవాడు. ఈ మౌనానికి ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

*

శనివారం కొట్టులో మొదటి బస్తాకే పోట్లు పది దగ్గర ఆగిపోయాయి. విప్పి మళ్లీ కుట్టాడు. పదకొండింటికి నరసింగరావు మళ్లీ ఊడిపడ్డాడు. ఈసారి మొహం వెలిగిపోతోంది.

"ఒరే, నిన్నటిది ఫోన్లో తెగ తిరుగుతాంది. మీ ఆవిడి తిట్లకి కుర్రాళ్లు పడి పడి నవ్వుతన్నారు. ఈవేళ ఇద్దరూ రండి. ఆవిడ తిట్టాల, నువ్వు పడాల. నవ్వుకోడానికే! ఎవులూ నిజం అనుకోరు."

గంగులు దబ్బనం బస్తాకి గుచ్చి వదిలేశాడు.

"పడను బాబూ. అప్పుడు నాను దొంగపాటే పడ్డాను, నిజవే. అయినా ఆ సినిమా ముందు పడ్డాను. ఆయమ్మ చెయ్యి సూసి పడ్డాను. నలభై రోజులూ ఒక్కసారైనా నవ్వుతూ పళ్లేదు. ఈ బిరియానీకి నాను పడను."

"ఇంటి దగ్గర తెలిసిపోతాదని బయం లేదేటి?"

"తెలిసిపోనాది" అన్నాడు గంగులు. దబ్బనం మళ్లీ చేతికి తీసుకోలేదు. తనకి ఒంట్లో బాగాలేదని యజమానికి చెప్పి ఇంటికొచ్చేశాడు.

పద్మకుమారి వాకిట్లో నీడపట్టున కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చాట ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని. గంగులు ఆమెకి ఎదురుగా, నేల మీదే కూర్చున్నాడు. ఎలా మొదలెట్టాలో తెలీక కాసేపు తనూ రాళ్లు ఏరాడు.

"పద్దీ" అన్నాడు చివరికి. "మొదటి రోజు నిజవేనే. అమ్మ తోడు. ఆ తర్వాతవి... మేనేజరు బాబు పడమన్నాడు. సినిమా సూడొచ్చని పడ్డాను. నువ్వేరోజు సూసినావో నాకు తెల్దు. అడగడానికి బయమేసింది. మొదటి రోజయ్యుంటే బాగున్నని ముప్పై ఏళ్లూ అనుకుంటానే ఉన్నాను."

"తొమ్మిదో రోజు" అంది ఆమె, చాట లోంచి కళ్లెత్తకుండానే.

గంగులుకి లోపల ఏదో చప్పున ఆరిపోయింది. తల వంచుకున్నాడు.

"జాలి గుండె అనుకుని నన్ను సేసుకున్నావు. మోసం సేసినాను."

"ఎవులన్నారు?"

"మీ నాన్న. పెళ్లిలో."

"మా నాన్న మాట మా నాన్నది. నానెప్పుడైనా అన్నానేటి?" ఒక రాయి ఏరి విసిరేసింది. "ఆ రోజు నాను అడ్డగోడ పక్కనే కూసున్నాను. తెర కనపడ్లేదు, ముందు లావుపాటామె కూసుంది. అందుకని ఇటు సూస్తన్నాను. నీ పక్కన ఒకాయన తువ్వాలు మీద గుంటడ్ని పడుకోబెట్టేడు. ఆ గుంటడి కాళ్లు నీ వైపు సాపున్నాయి. నువ్వు ఆ కాళ్లు రెండూ మెల్లగా తీసి అటు పెట్టినావు. సోడా సీసా ఉంటే దూరంగా జరిపినావు. ముందు కూసున్న ముసలాయన చేతికర్ర తీసి గోడకి ఆనించినావు. అప్పుడు పడ్డావు."

గంగులు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నిజంగా మూర్ఛొచ్చినోడు పక్కన ఎవులున్నారో సూసుకుంటాడేటి మావా? అప్పుడే తెలిసిపోనాది నాకు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను. పడ్డానికి ముందు అన్ని సూసుకున్నోడు, ఇంట్లో ఎలగుంటాడో అనిపించింది. మా నాన్నకి ఇదంతా ఏటి సెప్పను? ఆ పడిన మనిషికే ఇయ్యమన్నాను, అంతే."

"మరి... మరి నిన్నంతా మాటాడ్లేదేటి?"

"మాటాడబుద్దెయ్యలేదు. ఆ మాటని అలగ సేసేరు కదా. 'ఆకలేసిందా అమ్మా' అని." ఆమె ఏరడం ఆపేసింది. "పిల్లలు పుట్నప్పుడు రాత్రుళ్లు లేచి నానూ అదే మాట అనీదాన్ని. నిన్న హాలంతా నవ్వుతుంటే నా ఒళ్లు సచ్చిపోనాది. నీ గురించి కాదు మావా, ఆయమ్మ గురించి."

ఆ సినిమా తనొక్కడిదే అనుకున్నాడు గంగులు ఇన్నాళ్లూ.

"మరి కోడి కొయ్యనివ్వవు కదే నన్ను? నెత్తురు సూడనివ్వవు."

"సూసి పడకపోతే నీ గుట్టు బయటపడిపోదేటి? అందుకే సూడనివ్వలేదు. నువ్వేమో బలే సుకంగా తప్పించుకున్నావు" అంది కళ్లు తుడుచుకుని. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పద్మకుమారి చాటని ఒళ్లోంచి తీసి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

"తొమ్మిదో రోజు సూసినాను గాని, తెర సరిగ్గా కనపడ్లేదు. తర్వాత రెండుసార్లెల్లినా ఆ సీనుకి కళ్లు మూసీసుకున్నాను. మొదటి రోజు నువ్వెలగ పడ్డావో నాను సూళ్లేదు కదా. సెప్పు మావా. ఆ సీను సెప్పు. నువ్వు సెప్తే ఉన్నదున్నట్టుంటాది."

గంగులు గొంతు సవరించుకున్నాడు. దివాణం ఎలా ఉండేదో చెప్పాడు. దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోవడం, పసిపిల్ల ఏడుపు, తలుపుల వెనక పడుకున్న మనుషులు విని కూడా లేవకపోవడం చెప్పాడు. వాయిద్యం ఉండదే, అన్నాడు. ఏటీ ఉండదు. పక్కన బోర్లించి ఉన్న ఇత్తడి చెంబు మీద గోటితో కొట్టాడు.

"టప్. ఒకటి."

పద్మకుమారి కళ్లజోడు తీసేసింది.

"టప్. రెండు... మూడు..."

వీధిలో ఆటో ఏదో పోయింది. ఇద్దరూ వినిపించుకోలేదు. ఐదో చుక్క పడింది, పడాల్సిన చోటే పడింది. ఆరో చుక్కకి గంగులు గోరు చెంబు మీదే ఆగిపోయింది. అరచెయ్యి చెమట పట్టింది. తనేమీ చెయ్యడం లేదు. ఒళ్లే తేలిపోతోంది.

పద్మకుమారి ఆ మొహం కేసి చూసింది. చప్పుడు కాకుండా బియ్యం చాట అందుకుని, అతని ముందు నుంచి దూరంగా జరిపి పెట్టింది.